57.6 నుంచి 77.4 దాకా: బో నిక్స్ పాసింగ్ అంకెలు విప్పి చూసిన ప్రాజెక్టు డైరీ

కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక కుర్ర క్వార్టర్‌బ్యాక్ (జట్టులో బంతి పాస్‌లు వేసే ఆటగాడు) పాసింగ్ అంకెలు చూసి అతని అసలు సత్తా చెప్పగలమా? ఈ డైరీ అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే. ఇది అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి. డాలస్ చుట్టుపక్కల మన పిల్లలు హైస్కూల్ జట్లలో ఆడుతున్నారు, శనివారం వస్తే ఇళ్లలో కాలేజీ మ్యాచ్‌లు నడుస్తున్నాయి, ఆ వెంటనే "వీడి రేటింగ్ చూడు, వీడు పనికిరాడు" అనే మాటా వినబడుతోంది. పందొమ్మిదేళ్ల కుర్రాడి మీద ఆ తీర్పు నిలుస్తుందో లేదో ఎవరైనా సొంతంగా లెక్కేసి చూసుకోవడానికి వీలుగా ప్రతి మెట్టూ ఇక్కడ రాస్తున్నాను.

ఎంచుకున్న ఆటగాడు బో నిక్స్. 2019లో 19 ఏళ్ల వయసులో ఆబర్న్ యూనివర్సిటీకి మొదటి మ్యాచ్ నుంచే స్టార్టర్. అక్కడ మూడేళ్లు, తర్వాత ఒరెగాన్‌లో రెండేళ్లు. మొత్తం 61 మ్యాచ్‌లు స్టార్ట్ చేశాడు, కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌లలో అప్పటికి అది రికార్డు. మనిషి ఒకడే, చుట్టూ ఉన్నవన్నీ మారిపోయాయి. ఈ ప్రశ్నకు ఇలాంటి ఆటగాడే కావాలి.

దశ 1: సరంజామా, ఫార్ములా

గూగుల్ షీట్స్‌లో ఒక ఫైలు, సీజన్ల వారీగా అందరికీ దొరికే అంకెలు, మ్యాచ్ రికార్డింగులు, ఒక నోట్‌బుక్. పైథాన్ వస్తే మంచిదే, రాకపోయినా షీట్‌లోనే పని అయిపోతుంది.

మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ వాడే పాసర్ రేటింగ్ వేరు, కాలేజీ ఆటను నడిపే ఎన్‌సీఏఏ వాడేది వేరు. ఎన్‌ఎఫ్‌ఎల్ రేటింగ్ 158.3 దగ్గర ఆగిపోతుంది. కాలేజీ రేటింగ్‌కు అలాంటి గీత లేదు. రెంటినీ ఒకే కాలమ్‌లో పెడితే తర్వాత లెక్కంతా పాడవుతుంది. కాలేజీ ఫార్ములా ఇది:

1. యార్డులను 8.4తో గుణించాలి.
2. టచ్‌డౌన్‌లను (బంతి అవతలి చివరి గీత దాటి పాయింట్లు తెచ్చిన పాస్‌లను) 330తో గుణించి కలపాలి.
3. కంప్లీషన్‌లను (రిసీవర్ పట్టుకున్న పాస్‌లను) 100తో గుణించి కలపాలి.
4. ఇంటర్‌సెప్షన్‌లను (అవతలి జట్టు పట్టేసినవాటిని) 200తో గుణించి తీసేయాలి.
5. వచ్చినదాన్ని మొత్తం వేసిన పాస్‌లతో భాగించాలి.

షీట్ సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) క్వార్టర్‌బ్యాక్ జో బర్రో 2019 అంకెలు వేయండి: 527 పాస్‌లు, 402 కంప్లీషన్‌లు, 5,671 యార్డులు, 60 టచ్‌డౌన్‌లు, 6 ఇంటర్‌సెప్షన్‌లు. 202.0 రావాలి. రాకపోతే ఎక్కడో బ్రాకెట్ తప్పింది.

ఈ ఫార్ములాను విప్పి చూస్తే కొన్ని విషయాలు బయటపడతాయి. 100ను 8.4తో భాగిస్తే 11.9. అంటే పాస్ రిసీవర్ చేతిలో పడితే చాలు, దాదాపు 12 యార్డుల విలువ జమ అవుతుంది. బంతి పట్టిన చోటే రిసీవర్‌ను పడేసి ఒక్క యార్డు కూడా రాకపోయినా ఆ పాస్‌కు 100 వస్తుంది. అయిదు యార్డులు వెనక్కి పోయినా 58 వస్తుంది. నలభై యార్డుల అవతల రిసీవర్ చేతుల్లోకే వేసిన బంతిని అతను జారవిడిస్తే మాత్రం సున్నా. క్రికెట్‌లో స్లిప్‌లో క్యాచ్ వదిలేస్తే బౌలర్ ఖాతాలో వికెట్ పడదు కదా, అచ్చం అదే.

ఇంకో సంగతి. కాలేజీ లెక్కల్లో శాక్ (బంతి వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడేయడం) పాసింగ్ ఖాతాలోకి రాదు, రన్నింగ్ యార్డుల్లోంచి తీసేస్తారు. ఒత్తిడిలో బంతిని బయటికి విసిరి శాక్ తప్పించుకున్నవాడికి శాతం తగ్గుతుంది. బంతి పట్టుకుని పడిపోయినవాడికి రేటింగ్ చెక్కు చెదరదు. కుర్రాళ్ల విషయంలో ఇది పెద్ద లోపం, వాళ్లు ముందు నేర్చుకోవలసినదే బంతిని ఎప్పుడు వదిలేయాలన్నది.

దశ 2: ఆబర్న్, 2019 నుంచి 2021

2019: 377 పాస్‌లు, 217 కంప్లీషన్‌లు, 57.6 శాతం. 2,542 యార్డులు, 16 టచ్‌డౌన్‌లు, 6 ఇంటర్‌సెప్షన్‌లు. రేటింగ్ 125.0.
ఇప్పటిదాకా మొత్తం: 377 పాస్‌లు, 57.6 శాతం.

2020: 357 పాస్‌లు, 214 కంప్లీషన్‌లు, 59.9 శాతం. 2,415 యార్డులు, 12 టచ్‌డౌన్‌లు, 7 ఇంటర్‌సెప్షన్‌లు. రేటింగ్ 123.9.
ఇప్పటిదాకా మొత్తం: 734 పాస్‌లు, 58.7 శాతం.

2021: 323 పాస్‌లు, 197 కంప్లీషన్‌లు, 61.0 శాతం. 2,294 యార్డులు, 11 టచ్‌డౌన్‌లు, 3 ఇంటర్‌సెప్షన్‌లు. రేటింగ్ 130.0. చీలమండ విరిగి సీజన్ మధ్యలోనే ఆగిపోయింది.
ఇప్పటిదాకా మొత్తం: 1,057 పాస్‌లు, 59.4 శాతం, 39 టచ్‌డౌన్‌లు, 16 ఇంటర్‌సెప్షన్‌లు.

రేటింగ్ కాలమ్ ఒక్కటే చూస్తే 2020లో కుర్రాడు వెనక్కి వెళ్లాడనిపిస్తుంది. అందుకే ప్రత్యర్థుల కోసం ఇంకో కాలమ్ కలపాల్సి వచ్చింది. 2019లో ఆబర్న్ ఆడిన జట్లలో టులేన్, కెంట్ స్టేట్, కింది డివిజన్‌కు చెందిన శామ్‌ఫర్డ్ ఉన్నాయి. 2020లో కోవిడ్ వల్ల ఆబర్న్ ఉన్న ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీ జట్ల కూటమి) జట్లన్నీ రెగ్యులర్ సీజన్‌లో తమలో తామే ఆడుకున్నాయి. ఎస్‌ఈసీ అంటే దేశంలో అన్నిటికన్నా గట్టి కాన్ఫరెన్స్ అని చాలామంది అనేది. తేలిక మ్యాచ్ ఒక్కటీ లేదు. పైగా 2019లో నిక్స్‌ను రెండు పక్కలా కాపు కాసిన టాకిల్స్ ఇద్దరూ 2020 డ్రాఫ్ట్‌లో (ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిపోయారు. కష్టం పెరిగిన ఏడాదిలో శాతం పెరిగి, రేటింగ్ ఒక్క పాయింటు తగ్గింది. దాన్ని పతనం అని ఎలా అంటాం?

అఫెన్సివ్ కోఆర్డినేటర్ (బంతి తమ దగ్గరున్నప్పటి ఆటను తీర్చిదిద్దే కోచ్) కాలమ్ కూడా పెట్టాను. 2019లో కెన్నీ డిల్లింగ్‌హామ్, 2020లో చాడ్ మోరిస్, 2021లో మైక్ బోబో. మూడేళ్లలో ముగ్గురు. 2021కి హెడ్ కోచ్ కూడా మారాడు. ఏటా కొత్త ప్లేబుక్, కొత్త పిలుపులు, కొత్త ఫుట్‌వర్క్. 19, 20, 21 ఏళ్ల వయసులో ఇన్నిసార్లు మొదటికి రావడం మామూలు విషయం కాదు. అంకెల్లో ఇదేదీ కనబడదు.

దశ 3: ఇందులో అదృష్టం వాటా ఎంత?

ఈ పని చేయాలనుకునేవాళ్లు ఈ దశను దాటేయకండి. 57.6, 59.9, 61.0 అని వరసగా చూడగానే "మెల్లగా ఎదుగుతున్నాడు" అనే కథ మన బుర్రలో తయారైపోతుంది. అది కథో నిజమో ఇలా చూడాలి:

1. శాతాన్ని దశాంశంగా రాయండి: 0.576.
2. ఒకటిలోంచి తీసేయండి: 0.424.
3. రెండింటినీ గుణించి 377తో భాగించండి: 0.00065.
4. వర్గమూలం తీయండి: 0.025, అంటే 2.5 పాయింట్లు.
5. దానికి రెండింతలు అటూ ఇటూ వేయండి: సుమారు 52.5 నుంచి 62.7.

అసలు నైపుణ్యం ఏమాత్రం మారకపోయినా, ఒక సీజన్‌లో వేసే పాస్‌ల సంఖ్య ఇంతే కాబట్టి శాతం ఈ హద్దుల మధ్య ఎక్కడైనా పడవచ్చు. 61.0 కూడా అందులోనే ఉంది. 2019కీ 2021కీ తేడా 3.4 పాయింట్లు, ఆ తేడాలో సహజంగా ఉండే ఊగిసలాట 3.7. కాబట్టి ఆబర్న్ మూడేళ్ల అంకెల నుంచి నిక్స్ మెరుగయ్యాడని చెప్పలేం, మెరుగవలేదనీ చెప్పలేం. ఈ ఫలితం నన్ను బాగా కదిలించింది. ఆ మూడేళ్లూ జనం అతని గురించి ఎంతో గట్టిగా తీర్పులిచ్చారు.

ఇంటర్‌సెప్షన్‌ల సంగతి ఇంకా ఘోరం. 6 అనే అంకెకు సహజమైన ఊగిసలాట దాని వర్గమూలం, సుమారు 2.4. అంటే అదే కుర్రాడు అదే ఆట ఆడినా ఏడాదికి రెండు పడొచ్చు, పది పడొచ్చు. రిసీవర్ చేతికి తగిలి పైకి లేచి అవతలివాడి చేతిలో పడ్డ బంతి కూడా ఈ లెక్కలోదే. ఒక్క సీజన్ ఇంటర్‌సెప్షన్‌లతో నిర్ణయ శక్తిని కొలవడం ఆపేసి, ఆ కాలమ్‌ను షీట్ చివరికి పంపేశాను.

ఇక్కడి నుంచి షీట్‌లో ప్రతి శాతం పక్కనా ప్లస్ మైనస్ కాలమ్ ఉంటుంది. అది లేని శాతాన్ని నమ్మవద్దు.

దశ 4: ఒరెగాన్, 2022, 2023

2022: 409 పాస్‌లు, 294 కంప్లీషన్‌లు, 71.9 శాతం. 3,593 యార్డులు, 29 టచ్‌డౌన్‌లు, 7 ఇంటర్‌సెప్షన్‌లు. రేటింగ్ 165.7.
ఇప్పటిదాకా మొత్తం: 1,466 పాస్‌లు, 62.9 శాతం.

2023: 470 పాస్‌లు, 364 కంప్లీషన్‌లు, 77.4 శాతం. 4,508 యార్డులు, 45 టచ్‌డౌన్‌లు, 3 ఇంటర్‌సెప్షన్‌లు. రేటింగ్ 188.3.
ఇప్పటిదాకా మొత్తం: 1,936 పాస్‌లు, 66.4 శాతం, 15,352 యార్డులు, 113 టచ్‌డౌన్‌లు, 26 ఇంటర్‌సెప్షన్‌లు.

ఆబర్న్‌లో పాస్‌కు 6.86 యార్డులు, ఒరెగాన్‌లో 9.22. శాతంలో తేడా 15 పాయింట్ల పైనే, ఊగిసలాట సుమారు 2. ఇది అదృష్టం కాదని లెక్కే చెబుతోంది. కానీ ఏమిటన్నది చెప్పదు. కారణం కాగలవాటి జాబితా ఇదీ: వయసు 22, 23 అయింది. కాన్ఫరెన్స్ మారింది. అతని ముందు కాపు నిలబడ్డ ఆటగాళ్ల లైన్ ఆ రెండేళ్లూ దేశంలో అతి తక్కువ శాక్‌లు ఇచ్చిన వాటిలో ఒకటి. మొదటి ఏడాది కోఆర్డినేటర్, ఆబర్న్‌లో 2019లో ఉన్న అదే డిల్లింగ్‌హామ్. 2019లో ఇద్దరూ కలిసి 125.0, 2022లో ఇద్దరూ కలిసి 165.7. కోఆర్డినేటర్ పేరు ఒక్కటే కారణం కాలేదని ఈ జంట తేల్చేసింది. పైగా 2019లో ప్లేలు పిలిచింది (ప్రతిసారీ ఏ ఎత్తు ఆడాలో చెప్పింది) హెడ్ కోచ్ గస్ మాల్జాన్. అందుకే ఆ కాలమ్‌ను "ప్లేలు ఎవరు పిలిచారు" అని మార్చాను.

పాస్‌ల రకం కూడా మారింది. ఒరెగాన్ ఆటలో ఆట మొదలయ్యే గీత వెనకాలే అందించే స్క్రీన్ పాస్‌లు, తొందరగా వదిలే పొట్టి పాస్‌లు చాలా ఎక్కువ. పట్టుకున్నాక రిసీవర్ పరుగెత్తిన ప్రతి యార్డూ క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోనే పడుతుంది. దశ 1లో చూసిన 12 యార్డుల బోనస్ ఇక్కడ బాగా కలిసొస్తుంది.

2022 సీజన్ మొదటి మ్యాచ్‌ను విడదీసి చూడండి. అట్లాంటాలో జార్జియా చేతిలో ఒరెగాన్ 49-3తో ఓడింది. నిక్స్ 37 పాస్‌ల్లో 21, 173 యార్డులు, 2 ఇంటర్‌సెప్షన్‌లు, టచ్‌డౌన్ లేదు. రేటింగ్ 85.2. అది తీసేస్తే మిగిలిన సీజన్: 372లో 273, 73.4 శాతం, పాస్‌కు 9.19 యార్డులు. జార్జియా ఎస్‌ఈసీ జట్టే కాబట్టి "చూశారా, పాత ప్రత్యర్థులు రాగానే పాత నిక్స్ వచ్చాడు" అనబుద్ధవుతుంది. దశ 3 లెక్క ఈ 37 పాస్‌లకు వేస్తే ప్లస్ మైనస్ 16 వస్తుంది. ఒక్క మ్యాచ్ అంత బరువు మోయలేదు. అయినా నేను దాన్ని షీట్‌లో ఎర్ర రంగు వేసి ఉంచాను, ప్రత్యర్థి బలం కాలమ్ ఎందుకు అవసరమో మర్చిపోకుండా.

దశ 5: వీడియో చూసి గుర్తులు పెట్టడం

అంకెల దగ్గరే ఆగితే కుదరదని తేలిపోయింది కాబట్టి టేప్‌కు వెళ్లాను. మొదట తీసుకున్నది 2019 ఆగస్టు 31 మ్యాచ్, మా దగ్గరి ఆర్లింగ్టన్ స్టేడియంలో ఆబర్న్, ఒరెగాన్. నిక్స్‌కు అదే మొదటి మ్యాచ్. తర్వాత తనే వెళ్లబోయే జట్టు మీద 31 పాస్‌ల్లో 13, 177 యార్డులు, 2 టచ్‌డౌన్‌లు, 2 ఇంటర్‌సెప్షన్‌లు. రేటింగ్ 98.3. అవతలి క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ హెర్బర్ట్ 37లో 28, 242 యార్డులు, 1 టచ్‌డౌన్, రేటింగ్ 139.5. గెలిచింది ఆబర్న్, 27-21. తొమ్మిది సెకన్లు మిగిలి ఉండగా నిక్స్ సెత్ విలియమ్స్‌కు వేసిన 26 యార్డుల టచ్‌డౌన్‌తో.

పద్ధతి, అందులో ఫెయిలైనవి:

1. బంతి గాల్లో ఎన్ని యార్డులు వెళ్లిందో మైదానం గీతలను బట్టి రాయాలనుకున్నాను. ఒక్కో యార్డు లెక్కన కుదరలేదు, కెమెరా పక్కవాటుగా ఉంటుంది. అయిదు యార్డుల గీతల లెక్కకు మార్చాను.

2. "రిసీవర్ ఖాళీగా ఉన్నాడా" అనే కాలమ్ పూర్తిగా తీసేశాను. టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది, దూరంగా ఉన్నవాళ్లు ఫ్రేమ్‌లోనే ఉండరు. 22 మందీ కనిపించే కోచ్‌ల వీడియో లేకుండా ఈ కాలమ్ నింపితే అది ఊహే అవుతుంది.

3. "పట్టగలిగేలా వేశాడా" అన్నదానికి మూడు గ్రేడ్‌లు పెట్టాను. కొన్నాళ్ల తర్వాత పాత గుర్తులు చూడకుండా అదే మ్యాచ్‌కు మళ్లీ గుర్తులు పెడితే మధ్య గ్రేడ్ దగ్గర రెండు జాబితాలూ కలవలేదు. ఇప్పుడు రెండే: అవును, కాదు.

4. ఒత్తిడి: బంతి వదిలేలోపు డిఫెండర్ అతన్ని కదిలించాడా, లేదా. ఇది రెండుసార్లూ బాగా కలిసింది. ఉంచాను.

5. బయటికి విసిరేసినవి, గడియారం ఆపడానికి నేలకు కొట్టినవి వేరే కాలమ్. అధికారిక లెక్కల్లో ఇవీ మిస్సయిన పాస్‌లే, నైపుణ్యం లెక్కలో వీటిని కలపకూడదు.

ఈ గుర్తులతో చూస్తే ఆ 31 పాస్‌లు 13, 18 అనే రెండు కుప్పలుగా కనబడవు. ఒత్తిడిలో కుడివైపు పరుగెత్తుతూ వేసినవి ఒక రకం, కాళ్లు కుదుర్చుకుని వేసినవి ఇంకో రకం. ఒత్తిడి లేకపోయినా పొజిషన్ వదిలి వెనక్కి, పక్కకు పరుగెత్తే అలవాటు టేప్‌లో స్పష్టంగా ఉంది. అది నిజమైన లోపం, ఏ సీజన్ శాతం దాన్ని పేరు పెట్టి చూపించదు. బంతి వదిలే వేగం, చివరి డ్రైవ్‌లో తడబడకపోవడం కూడా అదే టేప్‌లో ఉన్నాయి. వాటినీ శాతం చూపించదు.

దశ 6: మిగతావాళ్లతో సరిచూడటం

ఒక్కడి మీద ఆధారపడకూడదని ఇంకో ముగ్గురిని షీట్‌లో వేశాను.

జో బర్రో, ఎల్‌ఎస్‌యూ. 2018లో 379కి 219, 57.8 శాతం, రేటింగ్ 133.2. 2019లో 76.3 శాతం, 202.0. కాలేజీ మారలేదు. పాసింగ్ ఆటను తీర్చిదిద్దడానికి జో బ్రేడీ వచ్చాడు. రిసీవర్లు జస్టిన్ జెఫర్సన్, జమార్ చేజ్ ఇద్దరూ విజృంభించారు. 18.5 పాయింట్ల పెరుగుదల, ఊగిసలాట 3.1 మాత్రమే. 2018 అంకెలు చూసి బర్రోను కొట్టిపారేసినవాళ్ల చేతిలో ఆనాడు ఉన్న ఆధారం, నిక్స్ మొదటి ఏడాది ఆధారం కన్నా ఏమంత భిన్నం కాదు: 57.8, 57.6.

జాష్ ఆలెన్, వయోమింగ్. 2016లో 373కి 209, 56.0 శాతం. 2017లో 270కి 152, 56.3 శాతం, రేటింగ్ 144.9 నుంచి 127.8కి పడింది. అయినా 2018 డ్రాఫ్ట్‌లో ఏడో పిక్. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొదటి ఏడాది 52.8, తర్వాత 58.8, మూడో ఏడాది 69.2. మొదటి మూడు నాలుగు అంకెలు సరిగ్గా విమర్శకులు చెప్పినట్టే ఉన్నాయి, ఆ తర్వాత ఉండలేదు.

బెయిలీ జాపీ, వెస్టర్న్ కెంటకీ, 2021. 5,967 యార్డులు, 62 టచ్‌డౌన్‌లు, రెండూ రికార్డులే. రేటింగ్ 168.9. డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్ దాకా ఎవరూ పిలవలేదు. స్కౌట్‌లు అంకెలను అలా పక్కన పెట్టేయడం ఆలెన్ విషయంలో ఒక దిక్కుకు, జాపీ విషయంలో ఇంకో దిక్కుకు జరిగింది.

దశ 7: ఎన్‌ఎఫ్‌ఎల్‌తో పోలిక, షీట్ ఇప్పుడున్న స్థితి

నిక్స్‌ను 2024 డ్రాఫ్ట్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు డెన్వర్ 12వ పిక్‌గా తీసుకుంది. మొదటి సీజన్: 567కి 376, 66.3 శాతం, 3,775 యార్డులు, 29 టచ్‌డౌన్‌లు, 12 ఇంటర్‌సెప్షన్‌లు. 2015 సీజన్ తర్వాత డెన్వర్ మళ్లీ ప్లేఆఫ్స్‌కు వెళ్లింది.

కాలేజీ మొత్తం శాతం 66.4, ఎన్‌ఎఫ్‌ఎల్ మొదటి ఏడాది 66.3. ఈ కలయికను చూసి సంబరపడొద్దు. లీగ్ వేరు, డిఫెన్స్ వేరు. పాస్‌కు యార్డులు చూస్తే 6.66, అది ఆబర్న్ 6.86కి దగ్గర, ఒరెగాన్ 9.22కి చాలా దూరం. ఏ కాలమ్ పట్టుకుంటే ఆ కథ వస్తుంది.

నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. మొదటి రెండేళ్ల పాసింగ్ రేటింగ్‌తో ఒక కుర్రాడు ఎంత ఎత్తుకు ఎదగగలడో చెప్పడం అన్యాయం. ఆ అంకె లైన్‌నూ, రిసీవర్లనూ, ప్లేలు పిలిచేవాడినీ, ప్రత్యర్థినీ, కుర్రాడినీ కలిపి ఇచ్చిన మొత్తం. అందులో కుర్రాడి వాటా విడదీయాలంటే చుట్టూ ఉన్నవి మారే దాకా ఆగాలి, లేదా టేప్ మీద కూర్చోవాలి.

కాపీ చేసుకునేవాళ్ల కోసం ప్రస్తుత కాలమ్‌ల వరస: పాస్‌లు, శాతం, ప్లస్ మైనస్, పాస్‌కు యార్డులు, రేటింగ్, వయసు, ప్లేలు పిలిచినవాడు, లైన్‌లో ఎంతమంది కొత్తవాళ్లు, ప్రత్యర్థి స్థాయి, ఆఖరున ఇంటర్‌సెప్షన్‌లు. టేప్ గుర్తులు వేరే ట్యాబ్‌లో. తర్వాత చేయబోయేది శాక్‌లను కూడా పాస్ ప్రయత్నాలుగా లెక్కేసి, పోయిన యార్డులు తీసేసి, పాస్‌కు యార్డులను మళ్లీ కట్టడం. దానికి ఆబర్న్ 2020 సీజన్‌ను మ్యాచ్ మ్యాచ్‌గా నింపాలి. ప్రస్తుతం ఆ ట్యాబ్‌లో తేదీలు, ప్రత్యర్థుల పేర్లు మాత్రమే ఉన్నాయి.